తొరక కట్టని కాఫీ

నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ఆరుసార్లు ఓడిపోయిన వీరుడున్నాడు. ఏడో యుద్ధం ఉంది. కొండ మీద కోట ఉంది. ఆ కోటలోకి ఒంటరిగా వెళ్ళొచ్చిన వేగులవాడున్నాడు, వాణ్ణి నేనే. కోట నడిమధ్యన ఒక పాత్ర, పాత్రలో నల్లటి ద్రవం, ఆ ద్రవం మీద ఒక మనిషి భవిష్యత్తు ఆధారపడి ఉంది.

కాస్త ఎక్కువైంది, తగ్గిస్తాను. కొండంటే జూబ్లీహిల్స్. కోటంటే ఒక నిర్మాతగారి బిల్డింగులో కింది అంతస్తు. వీరుడు మా డైరెక్టర్ గారు. యుద్ధమంటే కథ వినిపించడం. నల్లటి ద్రవం పాలు పోయని కాఫీ. కావ్యం కాదు, కప్పు గురించి నాలుగు మాటలు.

ఫిల్మ్ నగర్‌లో ఆయన దగ్గర నేను అసిస్టెంటుని. ఆయన మొదటి సినిమా బాగా ఆడింది. రెండోది కూడా ఆడిందని ఆయన అంటారు. ఆ తర్వాత మూడేళ్ళుగా ఇద్దరం ఒకే కథ పట్టుకుని తిరుగుతున్నాం. సినిమాల్లో ముప్ఫై ఏళ్ళు కార్లని గాల్లోకి లేపిన ఒక స్టంట్ డ్రైవరు, రిటైరయ్యాక కాలనీలో డ్రైవింగ్ స్కూలు పెడతాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఇండికేటర్ వేయని మనిషి, ఇప్పుడు గృహిణులకు ఇండికేటర్ వేయడం నేర్పాలి. అదీ కథ. నాకు నిజంగా ఇష్టమైన కథ. ఆ మాట మాత్రం ఆయన ముందు అనను, అంటే మళ్ళీ మొదటినుంచి చెప్తారు.

ఈ కథకి ఒక్క నిర్మాత కావాలి. ఆరుగురు విన్నారు, ఆరుగురూ మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఏడో ఆయన కూడా కాదంటే కథని అటకెక్కించి, ఒక ఛానెల్ వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్న సీరియల్‌కి సంతకం పెట్టేస్తానని డైరెక్టర్ గారు ఇంట్లో మాటిచ్చేశారు. ఆ సీరియల్‌లో అత్తగారు చచ్చిపోయి పామై తిరిగొస్తుంది. ఆయనకు పాములంటే భయం. అత్తగారి సంగతి నేను అడగలేదు.

ఇక్కడ మా ఆఫీసు శాస్త్రం ఒకటి చెప్పాలి. కథ విన్న నిర్మాత నోటితో అనేది ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు. "బాగుంది, కూర్చుందాం" అంటారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పరు. అందుకని మా డైరెక్టర్ గారు మొహం చూడరు, కప్పు చూస్తారు. కథ మొదలయ్యే ముందు ఎదుటివాళ్ళకు కాఫీ పెడతాం. కథ మనిషిని పట్టుకుంటే కాఫీ సంగతి మర్చిపోతాడు. అది అలాగే చల్లారి పైన తొరక కడుతుంది. తొరక కట్టిందా, సినిమా ఉన్నట్టే. సగం తాగితే మార్పులు అడుగుతారు. కప్పు అడుగు కనబడితే కథ అయిపోయినట్టు. రెండో కప్పు అడిగితే మాత్రం ఫైలు మూసేసి క్రికెట్ గురించి మాట్లాడుకోవడం మర్యాద. ఆయన మొదటి సినిమా ఓకే అయిన రోజు తొరక ఎంత మందాన కట్టిందో ఇప్పటికీ రెండు వేళ్ళు పెట్టి చూపిస్తారు. ఏటేటా ఆ వేళ్ళ మధ్య దూరం పెరుగుతోంది.

శాస్త్రానికి తోడు కొంచెం తొండి కూడా ఉంది. మా ఆఫీసులో కాఫీ కాచేది ముప్ఫై ఏళ్ళుగా ప్రొడక్షన్ పనుల్లో ఉన్న ఒక పెద్దాయన. ఇత్తడి ఫిల్టరు, చికోరీ కలిసిన పొడి, చిక్కటి పాలు, మూడు పొంగులు. ఆయనకు డైరెక్టర్ గారి రహస్య ఆజ్ఞ ఏమిటంటే, కాఫీ నాలుక కాలేంత వేడిగా ఉండాలి. పదిహేను నిమిషాల దాకా ఎవరూ ముట్టుకోలేరు. ఆ పదిహేను నిమిషాల్లో కథ మనిషి మెడ పట్టేసుకోవాలి.

"ఈసారి కప్పు కూడా వేణ్ణీళ్ళలో ఉంచి తీశానండి బాబూ," అన్నాడు ఒకరోజు పెద్దాయన గర్వంగా.

"పెద్దాయనా, వాళ్ళు కథ వినేతందుకు వస్తున్నరు. మనమేమో వాతలు పెడుతున్నం," అన్నాను.

"మీకు తెలీదు బాబూ. గోరువెచ్చని కాఫీ ఇచ్చిన ఆఫీసులన్నీ మూతపడ్డాయి. నా కళ్ళతో చూశాను."

అంత వేడి కాఫీనీ ఆరో నిర్మాత ఊదుకుని ఊదుకుని తాగేశాడు. బిస్కెట్ కూడా ముంచాడు.

అసలు బాధ అది కాదు. చెప్తున్నంతసేపూ మా డైరెక్టర్ గారి ఒక కన్ను కప్పు మీదే ఉంటుంది. ఎదుటాయన ఒక గుక్క తాగితే ఈయన వేగం పెంచుతారు. ఇంకో గుక్క తాగితే ఒక సీను ఎగిరిపోతుంది. బిస్కెట్ ముంచిన ఆరో ఆయనకు రెండున్నర గంటల కథ యాభై నిమిషాల్లో చెప్పి, ఆయనకంటే ముందు ఈయనే లేచి నిలబడ్డారు. ప్రతిసారీ బలైపోయేది ఒకటే సీను. స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, నేర్పేవాడి కోసం. చివర్లో, నేర్చుకున్నామె తన సొంత కారులో ఆ ముసలాయన్ని ఎక్కించుకుంటుంది. అందులో పక్క సీటుకి బ్రేకు లేదు. మలుపు రాగానే ఆయన కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది. దొరకదు. మెల్లిగా కాలు వెనక్కి తీసుకుని కిటికీలోంచి బయటికి చూస్తాడు. అంతే. డైలాగ్ లేదు, పాట లేదు. మొత్తం కథలో నాకు నచ్చింది ఆ కాలే. ఆరుగురిలో ఒక్కరికి కూడా అది వినిపించలేదు.

ఇలా ఉండగా ఏడో నిర్మాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కథ ఎల్లుండి పొద్దున పదింటికి వింటారట. ఆఫీసులో కాదు, ఆఫీసు కింద వాళ్ళమ్మాయి నడుపుతున్న కాఫీ షాపులో. ఆయన అక్కడ తప్ప ఇంకెక్కడా వినరట.

డైరెక్టర్ గారు ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు. "అక్కడ ఏం కాఫీ ఇస్తారయ్యా?"

"గోర్మే కాఫీ అంటరు సార్."

"అంటే?"

"ఖరీదైన కాఫీ అనుకోండ్రి. నల్లగ ఇస్తరు."

"పాలు?"

"పొయ్యరు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మూడేళ్ళలో ఆరు ఓటములు చూసిన మనిషి మొహంలో నేనెప్పుడూ చూడని భయం అది. "పాలు లేకపోతే తొరకెలా కడుతుందయ్యా?"

వంటింట్లోంచి పెద్దాయన తొంగిచూసి, "కట్టదండి," అని నిర్ధారించి వెళ్ళిపోయాడు.

"నువ్వు రేపు వెళ్ళి రెక్కీ చేసుకురా," అన్నారు డైరెక్టర్ గారు. "ఆ కాఫీకి, మన కాఫీకి తేడా ఏంటో మొత్తం కనుక్కో. ఎంతసేపు వేడుంటుంది, ఎలా తాగుతారు, తాగకపోతే ఎలా కనిపిస్తుంది, అన్నీ."

రెక్కీ అంటే షూటింగుకి ముందు లొకేషన్ చూసి రావడం. కాఫీ కప్పుకి రెక్కీ చేసిన మొదటి అసిస్టెంటుని నేనే అయివుంటాను. పైగా నేను టోలిచౌకిలో పుట్టి పెరిగినవాణ్ణి. నా నాలుక చాయ్ మీద పెరిగింది. కాఫీ నాకు ఉద్యోగంతో పాటు వచ్చింది, ఐడీ కార్డులాగా.

మర్నాడు వెళ్ళాను. లోపల సినిమా ఫొటో ఒక్కటి లేదు. చెక్క కౌంటరు, గాజు సీసాల్లో గింజలు, మూలన గింజలు వేయించే యంత్రం. కౌంటరు వెనక నిర్మాతగారి అమ్మాయి, మా అక్క వయసు ఉంటుంది, బంగారం తూచినట్టు గింజలు తూస్తోంది.

"నమస్తే మేడమ్," అన్నాను.

"రేపు కథ చెప్పేటోళ్ళ మనిషివా?" అంది తలెత్తకుండానే.

"ఎట్ల తెలిసింది మేడమ్?"

"అందరూ ముందురోజు వస్తరు. పోయినసారి ఒకాయన నాన్న ఏ కుర్చీల కూసుంటడో అడిగి, వాస్తు చూసుకుని పోయిండు. నువ్వేం చూస్తవ్?"

"కాఫీ."

ఆమె అప్పుడు తలెత్తింది. "నిజంగనా? అయితే మేడం గీడం వద్దు. కాఫీ అడిగినోళ్ళకు నేను అక్కనే."

కాఫీ గురించి అడిగినవాళ్ళు ఆ షాపుకి అంత తక్కువగా వస్తారని నాకప్పుడు అర్థమైంది. ఆమె రెండు కప్పులు పెట్టింది. మొదటిదాంట్లో బజారులో దొరికే మామూలు పొడి వేసి ఉత్త నీళ్ళతో కాచింది.

"మామూలు కాఫీ పాలు, చక్కెర లేకుంట ఎప్పుడన్న తాగినవా?"

తాగాను. వైరింగ్ కాలినప్పుడు ఇల్లంతా ఒక వాసన వస్తుందే, దానికి తడి తగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పండిందీ, పండనిదీ, పురుగు పట్టిందీ అన్ని ఒక్క దగ్గర వేసి నల్లగ మాడుస్తరు. మాడినంక అన్నిటి రుచీ ఒక్కటే. ఎవ్వరికీ ఏం తెల్వదు. ఇగ పాలు, చక్కెర, చికోరీ వచ్చి దాన్ని కాపాడుతయ్."

"అంటే కథ వీక్‌గ ఉన్నదని ఐటెం సాంగ్ పెట్టినట్టు."

"మీ సినిమావాళ్ళకు గట్ల చెప్తెనే ఎక్కుతది."

రెండో కప్పు ఆమెది. అరకు వైపు కొండల్లో ఒకే తోట నుంచి వచ్చిన గింజలట. చెట్టు మీద ఎర్రగా పండిన కాయలను మాత్రమే చేత్తో ఏరతారట, ఒకే కొమ్మకి నాలుగైదుసార్లు తిరిగొచ్చి. వేయించి వారమైంది, మాడేదాకా కాదు, లేత గోధుమ రంగు దాకా. అప్పటికప్పుడు మర పట్టింది. నీళ్ళు మరిగాక కొంచెం ఆగి, సన్నటి ధారగా పోసింది. పోస్తున్నంతసేపూ మాట్లాడలేదు. మా పెద్దాయన అదే టైములో పదిమందికి కాఫీ ఇచ్చి, రాజకీయాలు కూడా ముగించేవాడు.

కప్పు పక్కన ఒక చిన్న కార్డు పెట్టింది. నారింజ తొక్క, బెల్లం, మల్లె అని రాసుంది.

"ఇవన్నీ వేసిండ్రా అక్కా?"

"ఏం వెయ్యలె. అందులనే ఉంటయ్."

తాగాను. "నాకు ఒక్కటి కూడ తగల్తలేదు."

"అంత వేడిమీద ఏం తగుల్తది? జర ఆగు. చల్లారనియ్యి."

ఆగాను. వేరే పని లేదు కాబట్టి కూడా ఆగాను. అయిదు నిమిషాలకు పుల్లగా ఏదో మొదలైంది. పదికి ఆ పులుపు ఎక్కడో తెలిసినట్టనిపించింది. పావుగంటకు నారింజ తొక్క గోరుతో గిల్లినప్పుడు ముక్కుకి తగిలే ఆ కారం వాసన నాలుక మీదికి వచ్చింది. మింగాక, చాలా వెనకాల, బెల్లం. మల్లె రాలేదు. మల్లెకు ఆ రోజు డేట్స్ లేవనుకుంటాను.

నేను నమ్మలేదు. నా నాలుక నమ్మేసింది. అప్పటిదాకా నాకు కాఫీ అంటే మొదటి గుక్కలో ఏముందో ఆఖరి గుక్కలోనూ అదే ఉండే వస్తువు. ఇది చల్లారేకొద్దీ ఇంకోటవుతోంది. ఏది గొప్ప అని అడిగితే చెప్పలేను. మా పెద్దాయన కాఫీ తాగితే లేచి పని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఇది తాగితే పని మానేసి కూర్చోవాలనిపిస్తుంది. రెండు రకాల కాఫీల మధ్య నేను కనిపెట్టిన తేడా ఇదొక్కటే, మిగతావన్నీ ఆమె చెప్పినవే.

సంతోషంగా కూర్చున్నాను. అప్పుడు ఆమె ఒక మాట అంది.

"మా నాన్నయితే పూర్తిగ చల్లారినంకనే ముడుతడు. గంటసేపు అట్లనే ఉంచుతడు కప్పు."

నా బెల్లం అక్కడే ఆగిపోయింది. అంటే రేపు కప్పు నిండుగా ఉన్నా అది మా కథ గొప్పతనం కాదు, ఆయన అలవాటు. మా శాస్త్రం ఆ షాపులో చెల్లదు. ఏడో నిర్మాత దగ్గర మా డైరెక్టర్ గారు కళ్ళకు గంతలు కట్టుకుని కథ చెప్పబోతున్నారు.

ఫిల్మ్ నగర్‌కి తిరిగి వస్తూ దారంతా ఆలోచించాను. చెప్తే ఆయన కప్పు చూడ్డం మానేసి మొహం చూస్తారు. మొహాలు చూసి కథ చెప్పడం ఆయనకు రాదు, ఆ కళ తెలిస్తే మూడేళ్ళు పట్టేదే కాదు. చెప్పకపోతే కప్పు నిండుగా కనిపిస్తుంది, కనీసం ధైర్యంగా చెప్తారు. ఆఫీసుకి వచ్చాక క్లుప్తంగా రిపోర్టు ఇచ్చాను.

"తొరక కట్టదు సార్. కాని కప్పు నిండ ఉంటె లెక్క అదే."

"ఖాయమా?"

"అక్కడ అందరూ గదే అంటున్నరు సార్."

అందరూ అంటే నేను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఆ అక్క ఇచ్చిన చిన్న గింజల పొట్లం ఒకటి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని శ్రద్ధగా మర పట్టించుకొచ్చి, ఇత్తడి ఫిల్టరులో వేసి, చిక్కటి పాలు పోసి, మూడు పొంగులు రానిచ్చి, రెండు చెంచాల పంచదారతో రుచి చూశాడు.

"వస్తువు మంచిదే బాబూ," అన్నాడు. "కాకపోతే కొంచెం నీరసంగా ఉంది."

కొండల్లో ఏరిన ఆ ఎర్ర కాయలకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మర్నాడు పదింటికి కూర్చున్నాం. నిర్మాతగారు అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెల్లగా మాట్లాడతారు. "రా బ్రదర్, కూసో. ఫోన్లు బంద్ పెట్టిన, ఫికర్ లేదు, నిమ్మలంగ చెప్పు." వాళ్ళమ్మాయి ఇద్దరి ముందూ చెరో కప్పు పెట్టింది. డైరెక్టర్ గారు కంగారులో తన కప్పు రెండు గుక్కల్లో ఖాళీ చేశారు. పంచదార లేని సంగతి గొంతు దిగాక తెలిసినట్టుంది, మొహం అష్టవంకర్లు పోయింది. అది కథలో భాగమనుకుని నిర్మాతగారు నవ్వారు. శుభారంభం.

కథ మొదలైంది. మొదటి పావుగంట డైరెక్టర్ గారి కన్ను కప్పు మీదే ఉంది. కప్పు కదల్లేదు. అరగంటకీ కదల్లేదు. నలభై నిమిషాలప్పుడు నిర్మాతగారి చెయ్యి టేబుల్ మీదికి వచ్చింది. మా డైరెక్టర్ గారి గొంతులో వేగం పుంజుకోవడం నాకు వినిపించింది. చెయ్యి నీళ్ళ గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత జరిగింది మూడేళ్ళలో నేను చూడనిది. ఆయన కప్పు చూడ్డం మర్చిపోయారు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, చేతులు ఊపకుండా, ఎవరో ఇంటికొస్తే వరండాలో కూర్చుని చెప్పినట్టు చెప్పారు. ఒక్క సీను ఎగరలేదు. ఆ కథలో అన్ని నవ్వులున్నాయని నాకే కొత్తగా తెలిసింది.

ఆఖరికి ఆ కారు వచ్చింది. మలుపు వచ్చింది. ముసలాయన కాలు బ్రేకు కోసం వెతుక్కుంది, దొరకలేదు, మెల్లిగా వెనక్కి వచ్చింది. డైరెక్టర్ గారు అక్కడ ఆపేశారు.

నిర్మాతగారు చాలాసేపు టేబుల్ కిందికి చూశారు. నాకు నడుం నొప్పేమో అనిపించింది.

"గా కాలు సంగతి మళ్ళొకసారి చెప్పు బ్రదర్," అన్నారు.

మళ్ళీ చెప్పారు.

"మా ఇంటామె బండి నడుపుతుంటె నేను గిట్లనే తొక్కుత. ఇరవై ఏండ్లాయె. పక్క సీటు కింద మ్యాటు అరిగి చిల్లు పడ్డది." ఆయన తన కుడికాలి వైపు చూసుకున్నారు, ఎవరిదో అన్నట్టు. "గీ ముసలోడు కాలు వెనక్కి తీసుకున్నడు. నాతోని కాలె." తలెత్తి, "చేద్దాం. సోమవారం వచ్చి అడ్వాన్స్ తీస్కపో," అన్నారు.

ఆ మాట అన్న మనిషి మొహం వైపు డైరెక్టర్ గారు చూడలేదు. కప్పు వైపు చూశారు. అంచుదాకా నిండుగా, నల్లగా, అద్దంలా ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పంచదార లేని కాఫీ ప్రభావం కూడా కొంత ఉండొచ్చు.

బయటికి రాగానే నా భుజం పట్టుకుని ఊపేశారు. "చూశావా! చుక్క తగ్గలేదు! రెండున్నర గంటలు మనిషి కప్పు ముట్టుకోలేదు!"

"చూసిన సార్," అన్నాను. నాకు మాత్రం లోపల చిన్న గర్వం. అసలు రహస్యం నాకొక్కడికే తెలుసు: మంచి కాఫీ తెలిసిన మనిషి చల్లారేదాకా ఆగుతాడు. ఆయన మూఢనమ్మకంలో ఉన్నారు, నేను విజ్ఞానంలో ఉన్నాను. విజ్ఞానం తలకెక్కి కథ ఫైలు కుర్చీలోనే మర్చిపోయి వచ్చాను.

ఫైలు కోసం లోపలికి వెళ్తే నిర్మాతగారు పైకి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మాయి ఆ నిండు కప్పుని సింకులో పారబోస్తోంది.

"అయ్యో అక్కా! ఇప్పుడే గద మంచిగ చల్లారింది! సార్ తాగరా?"

"ఏం తాగుతడు? ఇయ్యాల ఫాస్టింగ్ ఉన్నది. షుగర్ టెస్టు. ల్యాబ్ పిల్లగాడు ఎనిమిదింటికి రావాలె, ట్రాఫిక్‌ల ఉన్న ట్రాఫిక్‌ల ఉన్న అంటున్నడు, ఇంక రాలె. పాపం నాన్న రాత్రి నుంచి ఏం తినలె."

"మరి కప్పెందుకు పెట్టినవ్?"

"ఆయన ముంగట కప్పు లేకుంటె మీ సార్ తాగుతడా? మర్యాద ఉండదా?"

సినిమా ఇప్పుడు సగం షూటింగ్ అయింది. బ్రేకు సీను మొన్ననే తీశాం, బాగా వచ్చింది. డైరెక్టర్ గారు ఆ నిండు కప్పు గురించి సెట్లో రోజుకొకరికి చెప్తున్నారు, నేను పక్కన నిలబడి తలూపుతున్నాను.

ఫాస్టింగ్ షుగర్ పరీక్షకు ముందు కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. కాఫీలో పాలు, పంచదార లేకపోయినా సరే, తాగకూడదు.